శ్రీదాముని మోసిన స్వామి

హైదరాబాదునుండి చేవెళ్ళ మీదుగా బీజాపూరు పోవు రహదారిని ఎరుగని యాత్రికులు ఈ ప్రాంతమున అరుదు. మొయినాబాదు మండలములో చిలుకూరు బాలాజీని సేవించుకొని, ఆ పైన వికారాబాదు చేరువనున్న అనంతగిరి పద్మనాభస్వామి సన్నిధికి పోవువారు ఈ దారిననే పోవుదురు. దారికి ఇరువైపుల ఊడలు దిగిన మఱ్ఱిచెట్లు వందలకొలది కలవు. చేవెళ్ళ దాటిన పిమ్మట వచ్చునది మా ఆలూరు.

గత వేసవిలో నగరమునుండి మా మనుమడు సెలవులకు వచ్చెను. ఎనిమిదేండ్లవాడు. వచ్చిన మరునాడు ఉదయమే అటక మీదినుండి పాత వైకుంఠపాళి పటమునొకదానిని వెదకి తెచ్చి, దుమ్ము దులిపి, నా పీట ముందర పరచెను. నేను అప్పుడు దశమస్కంధ పారాయణమునకు కూర్చుండి యుంటిని.

"తాతా, ఒక్క ఆటనే" అనెను.

"పారాయణము కానిమ్ము" అంటిని.

పారాయణము ముగిసినది. పిమ్మట ఎవరో ముహూర్తమునకు వచ్చిరి. పిమ్మట భోజనము, విశ్రాంతి. సాయంకాలము చూతును గదా, పటము చుట్టచుట్టి గోడకు ఆనించి యున్నది. పిల్లవాడు మూలను కూర్చుండి తల్లి ఫోనులో ఏదో చూచుచున్నాడు. "ఏమిరా, ఆటకు రావా?" అని పిలిచితిని. వాడు తల ఎత్తకయే, "మా నాన్న ముందే చెప్పిండు, తాత ఆడడు, చదివిస్తడు అని" అనెను.

భాగవతోత్తములారా! పిల్లవాని మాటలో కోపము లేదు. ఊరిలో బావి ఎక్కడనున్నదో చెప్పినట్లు చెప్పినాడు. అందువలననే అది నాకు ములుకువలె నాటినది. వాని తండ్రిని నేను పెంచిన తీరు నాకు కనుల ముందర కదలినది. పాఠశాలలో గురువు ఎదుట కూర్చుండి శబ్దమంజరి, అమరకోశము, రఘువంశము వల్లించినవాడను. బాల్యమనగా వల్లించు కాలమనియే నేనెరిగినది. నా కుమారునికిని అదియే పెట్టితిని. విద్య వచ్చినది, ఉద్యోగము వచ్చినది, వినయమునకును లోటు లేదు. వారమున కొకసారి ఫోను చేయును; మందులు వేసుకొనుచున్నారా అని అడుగును; పెట్టివేయును. అంతకు మించి మా ఇరువురికి మాటలు లేవు. కలిసి కూర్చుండుట ఎరుగనివారికి మాటలెక్కడివి?

ఆనాడు నేను పారాయణము చేసిన ఘట్టమేది? దశమస్కంధములో పదునెనిమిదవ అధ్యాయము. గ్రీష్మము వచ్చినది. బృందావనములో మాత్రము అది వసంతమువలె నున్నది. రామకృష్ణులు గోపబాలురతో ఆలమందలను తోలుకొని పోయి రెండు జట్లుగా చీలి ఆడుచున్నారు. ఓడినవాడు గెలిచినవానిని వీపున మోయవలెనని నియమము. మోయుచు మోయుచు భాండీరమను మఱ్ఱిచెట్టువరకు పోయిరి. ఆ ఆటలో బలరాముని జట్టు గెలిచినది. శ్రీకృష్ణుడు ఓడి శ్రీదాముని మోసెను.

ఎవరు మోసినది? బ్రహ్మాండములను కుక్షిలో మోయువాడు. ఎవరిని? గొల్లపిల్లవానిని. ఎందుకు? ఆటలో ఓడెను గనుక. స్వామి కావలెనని ఓడెనా, నిజముగనే ఓడెనా అని శుక మహర్షి చర్చింపలేదు. ఓడెను, మోసెను, అంతియే చెప్పినాడు. 'నేను సర్వేశ్వరుడను, నాకీ నియమము వర్తింపదు' అని స్వామి అనలేదు. మరి నేనో? మనుమని ప్రక్క కూర్చుండుటకే నా పాండిత్యము అడ్డువచ్చినది. స్వామి గోపబాలునితో ఆడిన కథను కంఠమెత్తి చదువుచు, ఆటకు పిలిచిన బాలుని వెనుకకు పంపితిని. నోటిలో శ్రీదాముడు, ఎదుట మనుమడు. నోటిలోనివానిని పట్టుకొని ఎదుటివానిని విడిచితిని.

మన సంప్రదాయమునందు ఆటకు గల స్థానమును ఒకసారి తలంచుకొందము. జగత్తు యొక్క సృష్టి, స్థితి, లయములు భగవంతునికి లీల యని భగవద్రామానుజులు శ్రీభాష్యమును ఆరంభించు మంగళశ్లోకములోనే చెప్పినారు. పన్నిద్దరాళ్వారులలో పెరియాళ్వారు తానే యశోద యయి, బాలకృష్ణునితో ఆడుకొనుటకు రమ్మని చందమామను పిలిచినారు. రామానుజుల విషయములో పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. వీథిలో పిల్లలు మట్టితో గుడి కట్టి, గీతతో పెరుమాళ్ళను గీచి ఆడుకొనుచుండగా స్వామి అటు వచ్చిరట. "ఇదిగో మీ పెరుమాళ్ళు" అని పిల్లలు చూపగా, నవ్వి దాటిపోక, అక్కడనే సాష్టాంగపడి, వారు ప్రసాదమని ఇచ్చిన మట్టిని స్వీకరించిరట. అంతటి ఆచార్యునికి లేని తొందర మనకేల?

తిరుమల యాత్రికులకు హాథీరాం బావాజీ కథ చెప్పనక్కరలేదు. ఉత్తరదేశమునుండి వచ్చిన ఆ బైరాగితో శ్రీనివాసుడు రాత్రులందు పాచికలాడెడివాడట. ఒకనాడు స్వామి తన కంఠాభరణమును అక్కడ మరచిపోగా, దొంగతనము బావాజీ పైబడినది. గదినిండ చెరకు నింపి తెల్లవారులోగా తిని నిర్దోషివని నిరూపింపుమనిరి. స్వామి ఏనుగు రూపమున వచ్చి దానిని తిని భక్తుని కాపాడెను. 1843 మొదలు 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణము ఆ బావాజీ పేర వెలసిన మఠము మహంతుల చేతులలోనే యుండెను. ఈ కథలో నన్ను ఆకర్షించునది ఏనుగు కాదు. దినమంతయు సేవలందుకొని, లక్షల మొరలు వినిన స్వామి, ఏకాంతసేవ ముగిసిన పిమ్మట ఎక్కడికి పోయెను? తనను ఏమియు అడుగక, తోడుగా ఆడువాని యొద్దకు పోయెను.

ఇచట ఆస్తికులకు ఒక శంక కలుగవచ్చును. "జూదము నిషిద్ధము కాదా? పాచికలు, గవ్వలు పిల్లల చేతికిచ్చుట తగునా?" ఈ శంక మంచిదే. ఋగ్వేదము పదవ మండలములోని ముప్పది నాలుగవ సూక్తము జూదరి దుఃఖమే. సభాపర్వము చదివినవారికి ధర్మరాజు గతి తెలియును. నలుని కథయు తెలియును. పరీక్షిత్తు కలిపురుషునికి నివాసముగా ఇచ్చిన స్థానములలో ద్యూతము మొదటిది. మనువు తొమ్మిదవ అధ్యాయములో ద్యూతమును రాజు తన రాజ్యమున నిలువనీయరాదనెను.

అయినను ఈ దోషము పాచికలదా, పణముదా? భాగవత దశమస్కంధములోనే మరియొక ఆట కలదు. అనిరుద్ధుని వివాహమునకు భోజకటమున కూడిన రాజులు, బలరామునికి ఆటపై ప్రీతియే గాని నేర్పు లేదని తలచి రుక్మిని పురికొల్పిరి. పందెము నూరు నిష్కములతో మొదలై వేయికి, పదివేలకు, లక్షకు పెరిగినది. బలరాముడు ఓడినప్పుడు కళింగరాజు పండ్లు కనబడునట్లు నవ్వెను. బలరాముడు గెలిచినప్పుడు రుక్మి గెలుపు తనదని బొంకెను. ఆ పెండ్లి యింటనే రుక్మి ప్రాణము పోయినది. ఒక గ్రంథములోనే రెండు ఆటలు. భాండీరము క్రింద ఓడినవాడు మిత్రుని మోసెను. భోజకటములో ఓడినవాడు బొంకి చచ్చెను. ధనము, ఎగతాళి, బొంకు, ఈ మూడు చేరినది ద్యూతము. ఈ మూడు లేనిది క్రీడ. మొదటిదానిని ఇంటికి రానీయకుడు. రెండవదానిని ఇంటినుండి పోనీయకుడు.

మన పెద్దలు ఈ భేదము నెరిగినవారే. ధనుర్మాసములో వచ్చు వైకుంఠ ఏకాదశినాడు ఉపవాసముండి రాత్రి జాగరణము చేయు వైష్ణవ గృహములలో పరమపదసోపాన పటమును పరచి పిల్లలతో కూడి ఆడు ఆచారము నేటికిని కలదు. పెద్దలకు నిద్ర రాదు, పిల్లలకు పురాణము వచ్చును. పటము క్రిందినుండి పైకి పోవు గళ్ళలో భక్తి, జ్ఞానము, వైరాగ్యము వంటి నిచ్చెనలు, అసురుల పేర్లును దుర్గుణముల పేర్లును గల పాములు ఉండును. అచ్చువేసినవారిని బట్టి పేర్లు కొంత మారును. కొనకు వైకుంఠము. ఇటువంటి పటమే ఇంగ్లండునకు పోయి పందొమ్మిదవ శతాబ్దము చివర అక్కడి పిల్లల ఆటయై, లోకమంతట వ్యాపించినది. కాలక్రమమున పాములు నిచ్చెనలు మిగిలినవి గాని వాటి పేర్లు పోయినవి. మన ఇండ్లలో ఆ పేర్లు ఇంకను ఉన్నవి. పిల్లవాని పావు పాము నోట పడినప్పుడు, ఆ పాము పేరు చదివి దాని కథను నాలుగు మాటలలో చెప్పుడు. వాడు ఎన్నటికిని మరువడు. ఏలననగా ఆ పాము కరచినది వానినే గదా!

వైకుంఠపాళి ఒక్కటియే కాదు. మన ఊళ్ళలో అష్టాచెమ్మకు కావలసినవి అయిదు వరుసల అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు. ఓమనగుంటలకు పదునాలుగు గుంటలు, పిడికెడు చింతగింజలు. పంచుచు, లెక్కించుచు ఆడిన పిల్లవానికి గణితము దానంతట అదే పట్టుబడును. పులిమేక ఆటకు మూడు పులులు, పదునైదు మేకలు. గుడి మండపముల బండలపై గీచిన ఆ ఆట గీతలు ఎన్నియో చోట్ల ఇప్పటికిని కనబడును. ఒంటరి మేకను పులి దూకి తినును. వెనుక మరియొక మేక ఆనుకొని యున్నప్పుడు దూకలేదు. కలిసి యుండుట యెట్టి బలమో పిల్లవానికి ఇంతకంటె తేటగా ఏ ఉపన్యాసము చెప్పగలదు?

మరునాడు ఉదయము నేను పారాయణము ముగించి, నేనే పటము పరచి కూర్చుంటిని. వాడు తలుపుకడ నిలిచి కొంతసేపు నన్ను పరీక్షించి వచ్చెను. మొదటి ఆటలో నేను మూడు తప్పులు చేసితిని. వాటిని చెప్పుట వలన ఇతరులకు మేలు కలుగవచ్చును. ప్రతి గడివద్ద శ్లోకము చెప్పబోతిని. వాడు "తాతా, మళ్ళీ పాఠమా?" అనెను. రెండవది, వాడు సంతోషించునని నా పావును వెనుకనే ఉంచుటకు చింతపిక్కల లెక్క తప్పించితిని. వాడు కనిపెట్టి, "అది నాలుగు కాదు, అయిదు" అని నా పావును తానే పాము నోటినుండి తప్పించి ముందుకు జరిపెను! పిల్లలకు కావలసినది మన దయతో వచ్చిన గెలుపు కాదు. నియమము అందరికి ఒక్కటేయని తెలియుట కావలెను. మూడవది, నడుమ ఫోను మ్రోగగా లేచితిని. తిరిగి వచ్చుసరికి వాడు పటము చుట్టుచుండెను.

ఈ మూడవ తప్పు చిన్నదికాదు. యశోదాదేవి కథను స్మరింపుడు. ఆ దినమున దాసీజనము ఇతర పనులలో ఉండగా ఆమెయే పెరుగు చిలుకుచున్నది. కృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొని ఆపెను. ఆమె ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండగా పొయ్యిమీద పాలు పొంగినవి. తృప్తి తీరని బిడ్డను దింపి ఆమె పరుగెత్తినది. ఆమె పరుగెత్తినది తనకొరకా? ఆ పాలును ఆ ఇంటి బిడ్డకొరకే గదా! అయినను బిడ్డకు కోపము వచ్చినది, పెరుగుకుండ పగిలినది. నేటి తల్లిదండ్రుల పరుగంతయు ఇట్టిదే. ఉద్యోగము, ఇల్లు, బడి రుసుము, ఇవి అన్నియు బిడ్డకొరకే కాగుచున్న పాలు. వాటిని పొంగి పోనిమ్మని ఎవరును చెప్పరు. కాని ఒడిలోని బిడ్డకు పొయ్యిమీది పాలు కనబడవు. దిగిపోవు అమ్మయే కనబడును.

ఆ కథలోనే పరిహారమును కలదు. బిడ్డను కట్టబోయిన త్రాడు రెండు అంగుళములు తక్కువ వచ్చినది. ఇంటిలోని త్రాళ్ళన్నియు ముడివేసినను రెండంగుళములే తక్కువ. ఎప్పుడు కట్టుబడినాడు? తల్లి చెమటలు క్రమ్మి, సిగపూలు జారి, అలసినప్పుడు కట్టుబడినాడు. మన ఆజ్ఞలు, శిక్షలు, బహుమతులు అన్నియు ఆ త్రాళ్ళే. ఎన్ని ముడివేసినను రెండంగుళములు తక్కువగనే ఉండును. మనము తనకొరకు అలసితిమని బిడ్డ చూచిననాడు తానై కట్టుబడును. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ముప్పది యొకటవ అధికరణము ఆటను బాలల హక్కుగా గుర్తించినది. 1992లో మన దేశమును దానిలో చేరినది. హక్కును చట్టము ఈయవచ్చును. ప్రక్కన కూర్చుండు మనిషిని చట్టము ఈయలేదు, ఇంటివారే ఈయవలెను.

సెలవులు ముగియుటకు ముందు ఒక శనివారము మా అబ్బాయి వచ్చి అందరిని చిలుకూరు తీసికొనిపోయెను. ఉస్మాన్‌సాగరు చేరువనున్న ఆ సన్నిధిలో హుండీ లేదని మీరెరుగుదురు. కోరిక చెప్పుకొని పదునొకండు ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట నూట ఎనిమిది చేయుట అక్కడి ఆచారము. మా అబ్బాయికి మొక్కు తీర్చవలసి యుండెను. లెక్క తప్పకుండ అంకెలు అచ్చువేసిన చీటిని పట్టుకొని తిరుగుచుండగా, పిల్లవాడు ఆ చీటిని చూచి, "ఇన్ని గళ్ళున్నయి. ఇది కూడ ఆటనేనా తాతా?" అని అడిగెను.

"ఆట కాదు నాయనా, మొక్కు" అంటిని. అనిన పిమ్మట ఆలోచన కలిగినది. ఆ ప్రాంగణములో తిరుగుచున్న తండ్రులలో పలువురు బిడ్డల చదువుకొరకు, బిడ్డల ఆరోగ్యముకొరకు మొక్కినవారే. ఎండలో నూట ఎనిమిదిసార్లు తిరుగు ఓపిక మనకు కలదు. ఏ బిడ్డకొరకు మొక్కితిమో ఆ బిడ్డ ప్రక్కన దినమునకు ఒక్క గడియ కూర్చుండు ఓపిక కలదా? దినమునకు 60 గడియలు. గడియ యనగా 24 నిమిషములు. తక్కిన 59 గడియలు నిద్రకు, భోజనమునకు, ఆర్జనకు, ఆరాధనమునకు ఉండనిండు. ఒక్క గడియ బిడ్డది. ఆ గడియలో ఫోను మరియొక గదిలో ఉండవలెను. మొదలిడిన ఆట ముగియవలెను. పణముండరాదు, ఎగతాళి యుండరాదు. పెద్దవానికొక నియమము, చిన్నవానికొక నియమము ఉండరాదు. ఇంతియే వ్రతము. దీనికి ఉద్యాపన లేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అరుగుమీద పటము పరచితిమి. మా అబ్బాయి లోనికి పోబోయెను. పిల్లవాడు చేయి పట్టి లాగి మూడవ పావును వాని ముందర పెట్టెను. నలుబది యేండ్ల కుమారుడును నేనును ఒక పటమునకు ఇరువైపుల కూర్చుండుట అదియే మొదలు. వైకుంఠము దాపునకు పోయిన నా పావును పెద్దపాము మ్రింగి అడుగునకు దింపినది. పిల్లవాడు గెలిచెను, వాని తండ్రి రెండవవాడు, నేను చివర. ఓడినవాడు తక్కినవారికి మంచినీళ్ళు తెచ్చి ఈయవలెనని మాకు మేము చేసికొనిన నియమము.

నేను లేచితిని. మా అబ్బాయి వెంటనే లేచి, "మీరు కూర్చోండి నాన్నగారూ, నేను తెస్తాను" అనెను. పిల్లవాడు ఒప్పుకొనలేదు. "ఓడింది తాత. తాతనే తేవాలె" అనెను. న్యాయమే. రెండు చెంబులతో నీళ్ళు తెచ్చి ఒకటి మనుమనికి, ఒకటి కుమారునికి ఇచ్చితిని. మా అబ్బాయి రెండు చేతులతో అందుకొని త్రాగెను. చెంబు క్రింద పెట్టి, "నాన్నగారూ, ఇంకొక ఆట వేద్దామా?" అని అడిగెను.

ఆనాడు మఱ్ఱిచెట్టు క్రింద శ్రీదాముని మోసినప్పుడు స్వామికి ఆ బరువు ఎట్లుండెనో నాకు తెలియదు. ఆ నీటిచెంబు మాత్రము నాకు బరువనిపింపలేదు. మీ ఇంట అటకమీద చుట్టచుట్టి యున్న పటము ఉన్నచో, ఏకాదశి వచ్చువరకు ఆగక నేడే దింపుడు. లేనివారు సుద్దముక్కతో గీచుకొనుడు. గోపబాలురతో ఆడి, ఓడి, మోసిన ఆ స్వామి ప్రతి గృహమునందును పెద్దల ప్రక్కన పిల్లలను, పిల్లల ప్రక్కన పెద్దలను కూర్చుండజేయు గాక!